బ్లాకులను అంత తేలిగ్గా తీసిపారేయకండి

పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడం మీద ఒక వ్యాసం చదివాను. మొదటి రోజు నుంచే టైప్ చేసి రాసే పైథాన్ భాష నేర్పాలి, ఆదేశాలను రంగు బ్లాకులుగా లాగి అతికించే స్క్రాచ్ టైమ్ వేస్ట్ అన్న వ్యాసకర్త మాట నాకు మింగుడు పడలేదు. ఎనిమిదేళ్ల పిల్లకి కీబోర్డు మీద అక్షరం వెతుక్కోవడమే పెద్ద పని. పైథాన్‌లో ఒక్క కోలన్ (:) మరిచిపోతే చాలు, ఎర్రర్ వస్తుంది, టెన్షన్ మొదలవుతుంది, అసలు ఆలోచన అక్కడే ఆగిపోతుంది. 2007లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్ తెచ్చిన స్క్రాచ్‌లో ఈ బాధ లేదు. కుదరని బ్లాకు అసలు అతుక్కోదు.

అలాగని తప్పులు దొర్లవా? స్క్రాచ్‌లో పిల్లలు తయారుచేసిన ఆట రెండోసారి మొదలుపెడితే స్కోరు పాత అంకె నుంచే పెరుగుతూ పోతుంది. మొదట్లో దాన్ని సున్నా చేయమని మనం చెప్పలేదు మరి! ఇది ప్రోగ్రామింగ్ కాకపోతే ఇంకేమిటి?

1967లో గణితవేత్త సేమూర్ పాపర్ట్ బృందం తయారుచేసిన పిల్లల ప్రోగ్రామింగ్ భాష లోగో సంగతీ అంతే. అందులో మనం చెప్పినట్టు తెర మీద ఒక తాబేలు కదులుతూ గీతలు గీస్తుంది. త్రిభుజం గీయమంటే పిల్లలు తాబేలుని 60 డిగ్రీలు తిప్పుతారు. గీతలు కలవవు, సగం షడ్భుజి వస్తుంది. లేచి నిలబడి తామే ఆ దారిలో నడిచి చూస్తే, తిరగాల్సింది 120 అని తెలుస్తుంది. ఆ కాసేపూ పెద్దవాళ్లు నోరు కట్టేసుకోవాలి. చాలామంది మౌస్ లాక్కుని సరిచేసేస్తారు, ఇక పిల్లకి మిగిలేదేముంది?

పిల్లలకు సర్టిఫికెట్లు ఇచ్చే కోడింగ్ కోర్సులను వ్యాసకర్త విమర్శించడం మాత్రం నూటికి నూరుపాళ్లూ సబబే. పైథాన్ ఎప్పుడంటారా? "ఈ బ్లాకులు లాగి లాగి విసుగొస్తోంది, టైప్ చేసుకోవచ్చా?" అని పిల్లలే అడిగినప్పుడు.