వేలు గుచ్చి వదిలేస్తే సరా?

ప్రపంచ మధుమేహ దినం నవంబరు 14 దగ్గరపడితే చాలు, చెన్నైలో కొరుక్కుపేట నుంచి టి.నగర్ దాకా షుగర్ పరీక్షల షామియానాలు లేస్తాయి. వేలు గుచ్చడం, చీటీ మీద అంకె వేయడం, ఫొటోలు దిగడం. సాయంత్రానికల్లా ఇంతమందికి పరీక్షలు చేశామని ప్రకటన. షుగర్ అంచున ఉన్నవాళ్ళను కాపాడే కార్యక్రమం ఇదేనట. మేము ఒప్పుకోం.

అసలు పరీక్షే లేకపోవడంకన్నా నయం కదా అంటారు నిర్వాహకులు. తెలియకుండా జబ్బు ముదిరినవాళ్ళు కొందరు బయటపడే మాట నిజమే. షుగర్ ఇంకా రాకున్నా దాని ముందుదశలో ఉన్నవాళ్ళ సంగతేమిటి? 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే జాతీయ మధుమేహ సర్వే అంచనా ప్రకారం దేశంలో వారు 13.6 కోట్ల మంది. శిబిరాల లెక్కలోంచి జారిపోతున్నది వీళ్ళే.

షావుకారుపేట గుమస్తా ఒకాయన, వయసు 52, ఇడ్లీ కాఫీ కానిచ్చి పదిన్నరకు శిబిరానికి వచ్చాడనుకోండి. గ్లూకోమీటరు 132 చూపిస్తుంది. నార్మల్ అని రాసి పంపేస్తారు. మధుమేహ నిపుణుడు డాక్టర్ మోహన్ బృందం ఈ చెన్నైలోనే 2005లో రూపొందించిన రిస్క్ స్కోరు, అంటే షుగర్ ముప్పును అంచనా వేసే మార్కులు, వేసి చూడండి: వయసుకు 30, వంద సెంటీమీటర్లు దాటిన నడుముకు 20, వ్యాయామం లేని కూర్చుని చేసే పనికి 30, తల్లికి షుగర్ ఉన్నందుకు 10. మొత్తం 90. అరవైకే ప్రమాదం ఎక్కువని అర్థం! ఆయన్ను మరోరోజు పరగడుపున రప్పించి, 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటలయ్యాక రక్తం తీయాలి. 140 నుంచి 199 మధ్య వస్తే ముందుదశ. అదేమీ చేయకుండా చేతికిచ్చిన ఆ ‘నార్మల్’ చీటీని ఆయన ఏళ్ళ తరబడి ధీమాగా దాచుకుంటాడు.

స్కోరుకు కావలసింది టేపు, నాలుగు ప్రశ్నలు. ఆ టేపునీ చీర మడతల మీంచే చుట్టేస్తున్నారు. ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక కొలవాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉక్కపోతలో వదిలేస్తే, చేయి కడిగించకుండా గుచ్చితే, వచ్చిన అంకెను నమ్మడానికీ లేదు.

వెంటపడి పలకరిస్తే ఏమవుతుందో కూడా ఈ ఊరే చూపించింది. ఇక్కడి మధుమేహ నిపుణుడు డాక్టర్ రామచంద్రన్ బృందం ముందుదశలో ఉన్న 531 మందిపై చేసిన అధ్యయనం 2006లో అచ్చయింది. మూడేళ్ళలో మామూలు సలహాతో సరిపెట్టినవాళ్ళలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. నడక, తిండి గురించి మళ్ళీమళ్ళీ చెప్పించుకున్నవాళ్ళలో 39 మందికే. చెప్పుకోదగ్గ బరువు తగ్గకుండానే ఇంత తేడా!

తెలుగు సంఘాలూ తలల లెక్కకే మురిసిపోవడం మాకు మరీ కష్టంగా ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ తెలుగు చదవలేని తరం ఇక్కడ పెరిగింది. వాళ్ళకు కరపత్రం దేనికి? అన్నం ఎంత తగ్గించాలో, పప్పూ కూరా ఎంత పెంచాలో, రోజూ అరగంట చురుగ్గా ఎక్కడ నడవాలో మనిషి నోటితో చెప్పాలి. వచ్చే నెల మళ్ళీ అడగాలి. తలల లెక్కే ఘనతగా చెల్లిపోతే, రేపు ఏ వార్డులోనూ రెండోసారి తలుపు తట్టేవాళ్ళు ఉండరు.

చీటీ మీద అంకె పక్కన మళ్ళీ రావలసిన తేదీ, ఫోను చేయబోయే మనిషి పేరు రాయలేని సంఘం ఈసారి షామియానా వేయొద్దు. ఆ డబ్బుతో మీ వీధిలో ఇరవై మందిని ఎంచుకుని, ఏడాది పాటు వదలకుండా పలకరించండి.