సికిల్ సెల్‌కి ఎర్ర టానిక్ సీసానా?

రాజోలు దగ్గర మా మందుల షాపుకి ఈ నెలలో ముగ్గురు ఒకే వాట్సాప్ మెసేజీ పట్టుకొచ్చారు. "సికిల్ సెల్ అంటే ఒంట్లో రక్తం తక్కువే. 40 రోజులు ఐరన్ టానిక్, బెల్లం. నొప్పికి ఐసుగడ్డ. హైడ్రాక్సీయూరియా క్యాన్సర్ మందు, మానెయ్యండి. జ్వరమొస్తే మూడు రోజులు చూడండి. ఇది కొండోళ్ల జబ్బు, డెల్టావాళ్లకు భయం లేదు."

మూడో ఆవిడ రొయ్యల చెరువుల పనికొచ్చిన చింతూరు వైపు మనిషి. కొంగుముడి విప్పి నోట్లు కౌంటరు మీద పెట్టి, "ఆ ఎర్ర సీసా ఇచ్చేయండి బాబాయ్ గారూ" అంది. చంకలో పిల్లాడి కళ్లు పచ్చగా ఉన్నాయి. ఇవ్వలేదు.

ఆ పచ్చదనమే టానిక్ మాటకు జవాబు. ఎర్రకణాలు పగిలిపోతుంటే కళ్లు అలా పచ్చబడతాయి. మామూలు కణం 120 రోజులు బతికితే, ఈ జబ్బులో కొడవలిలా వంగిన కణం 10, 20 రోజులకే పగిలిపోతుంది. అందులోని ఐరన్ ఎక్కడికీ పోదు, ఒళ్లు మళ్లీ వాడుకుంటుంది. రక్తం ఎక్కించుకునేవాళ్లకైతే యూనిట్‌కి 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ అదనంగా చేరి, బయటికి పోయే దారిలేక లివర్లో, గుండెలో పేరుకుంటుంది. పరీక్షలో తక్కువని తేలితేనే ఐరన్. మామూలుగా రాసేది ఫోలిక్ యాసిడ్. బెల్లం తింటే తినండి. కానీ బెల్లంతో పోయేదైతే పూతరేకులు చుట్టే ఆత్రేయపురంలో రక్తహీనతన్నదే ఉండకూడదు.

ఐసుగడ్డ బెణుక్కి పెట్టుకోవాలి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటే వంగిన కణాలు అక్కడే ఇరుక్కుని ఎముకల్లో పోటు పెరుగుతుంది. దాళ్వా ఊడ్పులకు పొద్దున్నే చల్లటి బురదలో దిగేవాళ్లకీ, వేసవిలో నీళ్లు తాగకుండా ఎండలో పనిచేసేవాళ్లకీ నొప్పి రేగొచ్చు. వెచ్చటి కాపడం, బాగా నీళ్లు, డాక్టరు రాసిన నొప్పి మాత్ర. అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రి.

హైడ్రాక్సీయూరియాని కొన్ని బ్లడ్ క్యాన్సర్లకి వాడే మాట నిజమే. సికిల్ సెల్‌కి ఇచ్చేది వేరే పనికి: తల్లి కడుపులో ఉన్నప్పటి రకం హిమోగ్లోబిన్ని పెంచుతుంది, దాంతో కణాలు వంగడం తగ్గుతుంది, నొప్పులూ తగ్గుతాయి. అమెరికాలో 1998లోనే ఈ జబ్బుకి అనుమతిచ్చారు. మధ్యమధ్య రక్త పరీక్ష తప్పదు. కడుపుతో ఉన్నవాళ్లూ, పిల్లలు కావాలనుకునేవాళ్లూ ముందే డాక్టరుకి చెప్పాలి. అంతేగానీ మెసేజీ చూసి మానెయ్యడమేంటి?

కొండోళ్ల జబ్బట! మన్యంలో ఎక్కువ, సరే. కానీ జన్యువు అమ్మానాన్నల నుంచి వస్తుంది, ఊరిని బట్టి కాదు. ఇద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకుండానే ఆ జన్యువు మోసేవాళ్లైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం.

నాకు ఒళ్లు మండింది జ్వరం మాటకి. ఎడమ డొక్క కింద ఉండి క్రిముల్ని అడ్డుకునే ప్లీహం ఈ పిల్లల్లో చిన్నప్పుడే దెబ్బతింటుంది, ఇన్ఫెక్షన్ గంటల్లో రక్తమంతా పాకొచ్చు. 101 దాటితే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీనొప్పి, ఆయాసం, ఒకపక్క చెయ్యో కాలో పడిపోవడం ఉంటే అసలు ఆగకూడదు. పిల్లాడు ఉన్నట్టుండి పాలిపోయి కడుపు ఉబ్బినా అంతే. రక్తం ప్లీహంలోనే నిలిచిపోతుంది. "కడుపులో బల్ల" అని మన పెద్దోళ్లనేది ఆ ప్లీహం వాపునే.

ఎక్కడ తడమాలో ఆవిడకి చెప్పాను. పిల్లాణ్ణి కౌంటరు మీద పడుకోబెట్టి, ఎడమ డొక్క కింద వేళ్లు ఆనించి రెండుమూడుసార్లు చూసుకుంది.

"మెత్తగానే ఉందండి" అంది.