బటన్ నొక్కాక ఏం చేయాలో ఎవరైనా చెప్పారా?

కొత్త సైటుకి సెక్యూరిటీ ఏర్పాట్ల మీటింగ్ అంటే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు: "గార్డులకి తలా ఒక పెప్పర్ స్ప్రే ఇచ్చేద్దాం సార్. తుపాకీ కాదుగా, ప్రాణం పోయేదేమీ లేదు." అందరూ తలూపుతారు. మరి ట్రైనింగో అంటే, "ఎలా వాడాలో డబ్బా మీదే ఉంటుంది కదండీ" అంటారు. ఏళ్ల తరబడి గార్డుల షిఫ్టులు నడిపినవాణ్ణి. ఈ సామాను అసలొద్దు అనే రకం కాదు నేను. కానీ ఆ తలూపుడు చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

ముందు దీని మేలు చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఒట్టి చేతులతో ఉన్న గార్డు తనకంటే బలమైన మనిషిని ఆపాలంటే మీద పడాల్సిందే. పెనుగులాటలో వేళ్లు విరుగుతాయి, తలలు నేలకి తగులుతాయి, ఇద్దరిలో ఎవరికి ఏమవుతుందో చెప్పలేం. లాఠీ తీస్తే ఎముకలకే ఎసరు. స్ప్రే అయితే రెండు మూడు మీటర్ల దూరం నుంచే పని జరుగుతుంది. అందులో ఉండే క్యాప్సైసిన్ (మిరపకాయకి ఘాటునిచ్చే పదార్థం), వేడి తగిలితే మేలుకునే నరాల గ్రాహకాన్నే పోయి తడుతుంది. (దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ పంచుకున్నాడు.) చర్మం కాలదు, కానీ కాలిపోతున్నట్టే మెదడుకి కబురు వెళ్తుంది. కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి, దగ్గు ఊపిరాడనివ్వదు. ఆ కాసేపట్లో పక్కవాళ్లని బయటికి పంపొచ్చు, తలుపు వేసుకోవచ్చు, పోలీసులు వచ్చేదాకా నెట్టుకురావచ్చు. రాత్రి షిఫ్టులో ఒంటరిగా నిలబడే మనిషికి అది చిన్న విషయమేం కాదు.

ఇక డబ్బా మీద రాయని సంగతులు. గాలివాటం చూసుకోకుండా కొడితే సగం మన మొహానికే. మత్తులో మునిగినవాడికో, ఆవేశం తలకెక్కినవాడికో ఒక్కోసారి మంట తెలియనే తెలియదు, ఇంకా రెచ్చిపోయి మీదికొస్తాడు. నాలుగు గోడల మధ్య అయితే ఇంకో కథ. ఒకచోట బేస్‌మెంట్ కారిడార్‌లో తాగి గొడవ చేస్తున్నవాడి మీద మా కుర్రాడు ఫాగ్ రకం, అంటే పొగలా గాల్లో వ్యాపించే స్ప్రే కొట్టాడు. తాగినవాడు ఆగాడు, నిజమే. కానీ ఏసీ ఆ ఘాటంతా పీల్చి పై అంతస్తుకి మోసుకెళ్లింది. కింద గొడవ జరుగుతోందనే తెలియని జనం గొంతులు పట్టుకుని మెట్ల మీద పరుగులు. వాళ్లలో ఒకావిడకి ఉబ్బసం. ఇన్‌హేలర్ చేతిలోనే ఉంది, దగ్గు ఆగితే కదా పీల్చడానికి! మావాడు ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడి రేడియోలో "ఇప్పుడేం చేయాలి సార్?" అని అడిగాడు. అంతకుముందు వాడికది ఎవరూ చెప్పలేదు మరి.

అక్కడ ఇవ్వాల్సింది జెల్ రకం. మొహానికి అతుక్కుంటుంది, గాల్లో అంతగా తేలదు. కాకపోతే పనిచేయడం కాస్త ఆలస్యం, గురి కూడా కుదరాలి. ఈ తేడా అడిగి కొన్న మేనేజర్ని నేనింతవరకూ చూళ్లేదు. గడువు తేదీ సంగతి సరేసరి. లోపలి ప్రెజర్ మెల్లగా తగ్గిపోతుంది, తీరా అవసరానికి తీస్తే ధార బూటు మీద పడుతుంది.

టేజర్, అంటే కరెంటు షాక్ కొట్టే పరికరం గురించి అందరికీ సినిమా ఊహలు. నొక్కగానే మనిషి పడిపోతాడనుకుంటారు. అది రెండు బాణాలు వదులుతుంది. రెండూ ఒంటికి తగలాలి, వాటి మధ్య కనీసం ఒక అడుగు ఎడం ఉండాలి. అప్పుడే కండరాలు బిగుసుకుపోతాయి. మరీ దగ్గర నుంచి కొడితే ఎడం చాలదు, నొప్పి తప్ప మనిషి ఆగడు. దళసరి జాకెట్ వేసుకుంటే బాణం గుడ్డలోనే ఉండిపోవచ్చు. ఒకటి గురి తప్పిందా, రెండోది తగిలినా దండగే. సరిగ్గా తగిలితే మాత్రం అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది: కండరాలు బిగిసిన మనిషి పడేటప్పుడు చేతులు ఆన్చుకోలేడు, తల నేరుగా నేలకి కొట్టుకుంటుంది. కాబట్టి మెట్ల మీద, గోడ ఎక్కినవాడి మీద, నీళ్ల పక్కన అది వాడకూడదు. ఛాతీకి గురి పెట్టొద్దని తయారీ కంపెనీయే 2009లో సూచనలు మార్చింది. ఇంకో సంగతి, ఆల్కహాల్ కలిసిన స్ప్రే కొట్టిన మనిషి మీద టేజర్ వాడితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. గార్డు నడుముకి ఆ రెండూ కలిపి తగిలించే మహానుభావులున్నారు, అందుకే చెప్తున్నా.

2007లో కెనడాలోని వాంకూవర్ ఎయిర్‌పోర్టులో జరిగింది సెక్యూరిటీ పని చేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. పోలండ్ నుంచి వచ్చిన ప్రయాణికుడు, ఇంగ్లిష్ రాదు. గంటల తరబడి లోపలే తిరిగాడు. బయట తల్లి ఎదురుచూసి, కొడుకు రాలేదేమో అనుకుని వెళ్లిపోయింది. అలసిపోయి, కంగారుపడి అక్కడి సామాను విసరడం మొదలెట్టాడు. పోలీసులు వచ్చి నిమిషం కూడా గడవకముందే టేజర్ కొట్టారు, ఒకసారి కాదు, ఐదుసార్లు. అక్కడే చనిపోయాడు. ఆ ప్రయోగం సమర్థనీయం కాదని విచారణ కమిషన్ 2010లో తేల్చింది. పోలిష్ మాట్లాడగల మనిషి ఒక్కరు ఫోన్‌లో దొరికినా సరిపోయేదేమో. ఆ పోలీసుల చేతిలో తుపాకీ ఒక్కటే ఉండి ఉంటే అంత తొందరగా తీసేవాళ్లా? నాకైతే నమ్మకం లేదు. "ప్రాణం పోదులే" అనే ధీమా చేతిని తొందరపెడుతుంది, మాటతో తేలాల్సినచోట బటన్ నొక్కిస్తుంది.

రబ్బరు బుల్లెట్ల మీద ఎక్కువ రాయను, ప్రైవేటు సెక్యూరిటీకి వాటితో పనే లేదు. 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష చూస్తే, ఇలాంటి గుళ్లతో గాయపడిన 1,984 మందిలో 53 మంది చనిపోయారు, 300 మందికి శాశ్వత వైకల్యం మిగిలింది.

ఇంకా పెద్ద ఉదాహరణ 2002 మాస్కో థియేటర్ బందీల ఘటన. సాయుధులు ప్రేక్షకుల్ని బందీలుగా పట్టుకుంటే, లోపల ఉన్నవాళ్లందరూ స్పృహ తప్పేలా రష్యా భద్రతా దళాలు ఫెంటనిల్ జాతి మత్తు వాయువు వదిలాయి. పని చేసింది. సాయుధులు పడిపోయారు. కానీ బందీల్లో సుమారు 130 మంది చనిపోయారు. అదేం మందో వైద్యులకి చెప్పలేదు, అంబులెన్సులు చాల్లేదు, చాలామందిని వెల్లకిలా పడుకోబెట్టేసరికి ఊపిరి అందలేదు. ఈ కేసు ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్తే, 2011లో వాళ్లు గ్యాస్ వాడాలన్న నిర్ణయాన్ని తప్పు పట్టలేదు. ఆ తర్వాతి రక్షణ, వైద్య ఏర్పాట్లు సరిగా లేవని తప్పు పట్టారు. నేను నెత్తీనోరూ కొట్టుకునేది కూడా దీని గురించే.

మన స్థాయిలో ఆ "తర్వాత" చాలా మామూలు పనులే. స్ప్రే తగిలినవాణ్ణి గాలి ఆడేచోటికి తీసుకురావాలి, కళ్లు రుద్దుకోనివ్వకూడదు, ధారగా నీళ్లు పోయాలి. చేతులు కట్టేసి బోర్లా పడేసి వీపు మీద మోకాలు పెట్టకూడదు, పక్కకి తిప్పాలి లేదా కూర్చోబెట్టాలి. ఊపిరి ఎలా తీస్తున్నాడో చూస్తూ ఉండాలి. అంబులెన్సు వస్తే ఏం కొట్టామో, ఎప్పుడు కొట్టామో వాళ్లకి చెప్పాలి. ఇదంతా అప్పటిదాకా మనల్ని కొట్టబోయిన మనిషికి చేయాలి, కోపంతో చేతులు వణుకుతుండగా చేయాలి. అలవాటు లేనిదే కుదిరే పని కాదిది. శిక్షణ కోసం ఘాటు లేని డబ్బాలు దొరుకుతాయి, వాటితో గాలిలో, గదిలో, చీకట్లో ప్రాక్టీస్ చేయించొచ్చు. చివర్లో ఒకణ్ణి నేల మీద పడుకోబెట్టి, పక్కకి తిప్పి, నీళ్లు పట్టి, రేడియోలో రిపోర్టు ఇచ్చేదాకా ఆపకూడదు.

అంత టైమూ బడ్జెట్టూ లేవంటారా? అయితే స్ప్రే ఆర్డర్ రద్దు చేయండి. మంచి టార్చ్, పనిచేసే రేడియో, షిఫ్టుకి ఇంకో మనిషిని ఇవ్వండి చాలు.