మహారాజశ్రీ గ్రేడింగ్ డబ్బా గారికి

మహారాజశ్రీ గ్రేడింగ్ ప్లాస్టిక్ డబ్బా గారి దివ్యసముఖానికి,

తిరుపతి నుంచి ఒక ఐస్ హాకీ అభిమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. బీరువాలో పట్టుచీరల పక్కన, సిలికాజెల్ పొట్లాల మధ్య, మే నెల ఎండ తగలకుండా తమరు సుఖంగా ఉన్నారు. ఈ ఇంట్లో అంత మర్యాద కొత్త అల్లుడికి కూడా జరగలేదు.

తమరి లోపల ఒక కార్డు ఉంది, ఆటగాళ్ల బొమ్మలతో అచ్చేస్తే అభిమానులు కొని దాచుకునే రకం. అది ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి మార్కులు వేసి, తమరిలో పెట్టి బిగించారు. తమరికి గుర్తుందో లేదో. కెనడాలోని ఎడ్మంటన్ ఆయిలర్స్ ఐస్ హాకీ జట్టులో ఆడే జర్మన్ కుర్రాడు లియాన్ డ్రైసైటిల్ రూకీ కార్డు, అంటే లీగ్‌లోకి వచ్చిన కొత్తలో వేసింది. నేను ముచ్చటపడి కొన్నది దాన్ని. ఇప్పుడు ఎవరికి చూపించినా ఆటగాడి మొహం చూసేవాళ్లు లేరు. తమరి నెత్తి మీద లేబుల్, ఆ లేబుల్‌లో అంకె. దాంతో చూడటం అయిపోయింది.

ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఈ పిచ్చి ఎలా పట్టిందని అందరూ అడుగుతారు. మా పెదనాన్న కొడుకు ఉద్యోగం మీద ఎడ్మంటన్ వెళ్లాడు, అంతే. అక్కడ చలికాలంలో రాత్రి ఏడింటికి మ్యాచ్ మొదలైతే మనకు పొద్దున ఏడున్నర. ఇడ్లీ తింటూ చూడటానికి ఇంత అనువైన ఆట ఇంకోటి లేదు.

తమరు మా ఇంటికి వేంచేసిన రోజు మా అమ్మ తమరిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది నైనా ఇది, ఎవురి ఐడీ కార్డు?" అంది. ఫ్రేమ్ కట్టిద్దామని గాంధీ రోడ్డుకు తీసుకెళ్తే అక్కడి కుర్రాడు జాలిపడ్డాడు. "ఇంత డబ్బు ఎందుకు పెట్నారు సార్? ఇరవై రూపాయలిస్తే నేనే లామినేషన్ చేసిస్తా కదా." కార్డును లామినేషన్ చేస్తే దాని విలువ అక్కడికక్కడే సున్నా అవుతుందని, వేల రూపాయలు పోసి సముద్రాల అవతల చేయిస్తే మాత్రం పెరుగుతుందని అతనికి చెప్పబోయాను. చెబుతుంటే నాకే నమ్మకం కలగలేదు.

ఇక పక్కింటి లెక్కల మాస్టారు. రిటైరైనా మార్కులు అడిగే అలవాటు పోలేదు. డబ్బా మీద అంకె చూసి, "ఎంతకు తొమ్మిది?" అన్నారు.

"పదికండీ."

"ఆ ఒక్కటి ఎక్కడ పోయింది?"

"కింద ఎడమ మూల కొంచెం మొద్దుబారిందట."

"రీవాల్యుయేషన్‌కు పెట్టలేకపోయినారా?"

ఆయన వేళాకోళానికి అన్లేదు. ఊరినిండా కోచింగ్ సెంటర్లు, పదో తరగతి పిల్లలు పదికి పది జీపీఏ కోసం ఏడ్చిన ఊరు మాది. తమాషా ఏమిటంటే, ఆయన చెప్పిన రీవాల్యుయేషన్ తమరి లోకంలో నిజంగానే ఉంది. డబ్బాను జాగ్రత్తగా పగలగొట్టి, కార్డు బయటికి తీసి, మళ్లీ ఫీజు కట్టి పంపిస్తారు. ఇంకో రోజు, ఇంకో కళ్లజోడు, తొమ్మిది పదైతే అవ్వచ్చు. ఆ ఒక్క అంకెతో ధర ఎన్నో రెట్లు పెరగొచ్చు కూడా. కార్డు అదే, మూల అదే. బిగించడానికి డబ్బు, పగలగొట్టడానికి గుండెధైర్యం, మళ్లీ బిగించడానికి మళ్లీ డబ్బు. పంతుళ్లకు కూడా ఇంత మంచి వ్యాపారం తట్టలేదు.

మార్కులు వేసేవాళ్లు చూసేవి నాలుగు: బొమ్మ నడిమధ్యన ఉందా, మూలలు పదునుగా ఉన్నాయా, అంచులు నలిగాయా, పైన గీతలు పడ్డాయా. ఆ కార్డులో ఉన్నవాడు గోల్ కొట్టగలడా అన్నది ఐదో ప్రశ్నగానైనా లేదు.

తమరి వంశచరిత్ర కూడా కొంత చదివాను. 1991లో అమెరికాలో పీఎస్ఏ అనే సంస్థ కార్డులకు ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసి డబ్బాలో బిగించడం మొదలుపెట్టింది. ఆ డబ్బాల్లో మొట్టమొదటి దాంట్లోకి వెళ్లింది హానస్ వాగ్నర్ అనే పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడి కార్డు. వందేళ్ల కిందట సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చింది. దాని యజమాని ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మన హాకీ దేవర వేన్ గ్రెట్జ్కీ. లాస్ ఏంజెలెస్ కింగ్స్ హాకీ జట్టు అప్పటి ఓనర్ బ్రూస్ మెక్‌నాల్‌తో కలిసి ఆ ఏడాదే వేలంలో 4,51,000 డాలర్లకు కొన్నాడు. దానికి ఎనిమిది మార్కులు వచ్చాయి. 2013లో బిల్ మాస్ట్రో అనే వ్యాపారి ఆ కార్డు అంచులు కత్తిరించింది తానేనని ఒప్పుకున్నాడు. అంచులు కోసిన కార్డుకు అసలు మార్కులే వేయకూడదు. అంటే తమరి వంశంలో మొదటి సంతానమే కాపీ కొట్టి పాసైంది. ఇది గుర్తు చేస్తున్నందుకు మరోలా అనుకోవద్దు. మాస్టారికి మాత్రం నేను చెప్పలేదు.

గ్రెట్జ్కీ సొంత రూకీ కార్డు కథ ఇంకా బాగుంటుంది. కెనడాలో కూడా ఒక లండన్ ఉంది. అక్కడి ఓ-పీ-చీ అనే బబుల్‌గమ్ కంపెనీ 1979-80లో వేసిన 396 కార్డుల సెట్‌లో అది 18వ నంబరు. చుట్టూ నీలం అంచు. గోరు తగిలితే చాలు, రంగు లేచిపోయి కింద తెల్లగా కనబడుతుంది. ఆ కంపెనీ కార్డులు కోసిన తీరుకు అంచులు పుట్టుకతోనే గరుకుగా ఉండేవి. బబుల్‌గమ్ నోట్లో వేసుకుని పిల్లలు ఆ కార్డులను జేబుల్లో కుక్కారు, రబ్బర్‌బ్యాండ్లు వేశారు, సైకిల్ ఊచల్లో పెట్టి టపటపలాడించారు. అందుకే ఓ-పీ-చీ గ్రెట్జ్కీల్లో పీఎస్ఏ వాళ్ల దగ్గర పదికి పది వచ్చినవి రెండే. అందులో ఒకటి 2021లో 37.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

ఇక్కడ తమరు గమనించాల్సిన సంగతి ఒకటుంది. దానికి ఆ ధర వచ్చింది మిగతావన్నీ పిల్లలు ఆడుకుని పాడుచేయబట్టే. ఇప్పుడు మేమేం చేస్తున్నాం? ప్యాక్ విప్పగానే చెయ్యి తడి లేకుండా తుడుచుకుని, కార్డును అంచులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి ప్లాస్టిక్ కవర్లో దూరుస్తున్నాం. ప్రపంచంలో ప్రతివాడూ అదే పని చేస్తే ఇక అరుదైనది ఎక్కడి నుంచి వస్తుంది? 1990 ప్రాంతంలో ఇదే జరిగింది. జనం దాచుకుంటారని కంపెనీలు గుట్టలు గుట్టలుగా అచ్చేశాయి, జనం నిజంగానే దాచుకున్నారు. ఆ పెట్టెల్లో చాలా వాటిని ఇవాళ విప్పకుండానే చవగ్గా అమ్ముతున్నారు.

తమరి బంధువు ఒకాయన ఉన్నాడు, జెర్సీ కార్డు. ఆటగాడి చొక్కాను చిన్న ముక్కలుగా కోసి కార్డులో అతికిస్తారు. వెనక్కి తిప్పితే కొన్నింటి మీద సన్న అక్షరాల్లో ఉంటుంది: ఈ గుడ్డ ఫలానా మ్యాచ్‌దనో, ఫలానా సీజన్‌దనో చెప్పలేమని. శేషవస్త్రం దక్కితే ఏ రోజు, ఏ సేవలో, ఎవరి చేతుల మీదుగా దక్కిందో కాఫీ ఇచ్చేలోపు ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పే ఊరు మాది. ఎక్కడిదో చెప్పలేని గుడ్డముక్కను మాకు అంటగడితే ఎలా?

మా ఇంట్లో ఐస్ హాకీ తాలూకు వస్తువుల్లో పనికొచ్చింది ఒక్క పక్ మాత్రమే, అంటే ఆటలో బంతికి బదులు కొట్టే బిళ్ల. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, సుమారు 170 గ్రాముల గట్టి రబ్బరు. మంచు మీద ఎగిరిపడకుండా మ్యాచ్‌కు ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెడతారు. మా అమ్మ మాత్రం తడి గ్రైండర్ ఒక కాలు ఎగుడుదిగుడుగా ఉంటే దాని కింద పెట్టింది. అప్పటినుంచి గ్రైండర్ ఊగడం లేదు. మార్కులు వేయాల్సి వస్తే పదికి పది దానికి వేస్తాను.

ఇంకో మాట చెప్పి ముగిస్తాను. 2025లో మన దేశం అమ్మాయిలు ఐస్ హాకీ ఆసియా కప్‌లో కాంస్యం గెలిచారు. ఎక్కువమంది లద్దాఖ్ పిల్లలు, చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద నేర్చుకున్నవాళ్లు. వాళ్లలో ఒక్కరి కార్డయినా దొరుకుతుందేమోనని వెతికాను. నాకు కనబడలేదు. కాబట్టి మా మేనకోడలు స్కెచ్ పెన్నులతో అట్టముక్క మీద సొంతంగా గీయడం మొదలుపెట్టింది. హెల్మెట్ కొంచెం వంకరగా వచ్చింది, బొమ్మ నడిమధ్యన లేదు, ఒక మూల మీద సాంబారు చుక్క పడింది. తమరి లెక్కలో దానికి ఒకటి కూడా రాదు.

సంక్రాంతికి మా పెదనాన్న కొడుకు వస్తూ కొత్త సీజన్ కార్డుల పెట్టె తెస్తానన్నాడు. అది విప్పేది మా మేనకోడలు. కార్డుల వెనక ఉన్న ఆటగాళ్ల లెక్కలు చదువుతుంది, ఇష్టమైనవి స్కూలు బ్యాగులో వేసుకుంటుంది, ఇష్టం లేనివి స్నేహితురాలితో మార్చుకుంటుంది. ఆ సమయానికి తమరు పట్టుచీరల పక్కనే ఉండండి. ఎవరైనా మార్కులు అడిగితే పక్కింటికి పంపిస్తాను.

ఇట్లు,
తమరి లోపలున్న కార్డుకు, తమరికి, తమరిని తెచ్చిన పార్సిల్‌కు విడివిడిగా డబ్బు కట్టినవాడు