‘మమ్మును’ అనే మాట దగ్గర ఆగని సంఘం

ప్రభువు నేర్పిన ప్రార్థనను ఒకసారి నెమ్మదిగా చెప్పి చూడండి. అందులో ‘నేను’ లేదు, ‘నన్ను’ లేదు. మా తండ్రీ, మా అనుదినాహారము, మా ఋణములు, చివరికి ‘మమ్మును శోధనలోకి తేక దుష్టునినుండి మమ్మును తప్పించుము’. గది తలుపు వేసుకుని ఒంటరిగా మోకరించినవాడు కూడా ఈ ప్రార్థనను బహువచనంలోనే చేయాలి. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన మాటలు కాబట్టి మనం అక్కడ ఆగం.

ఆ చివరి వాక్యం మీద చర్చ ఎప్పటినుంచో ఉంది. దేవుడే మనిషిని శోధనలోకి తీసుకెళ్తాడా? తండ్రి అలా చేయడు అని పోప్ ఫ్రాన్సిస్ 2017లో అన్నారు. ఇటలీ కాథలిక్ చర్చి 2020లో తన ఆరాధనలో ఆ మాటనే మార్చుకుంది. యాకోబు పత్రికయితే దేవుడు ఎవరినీ శోధించడని, ప్రతివాడూ తన స్వకీయమైన దురాశచేతనే ఈడ్వబడతాడని తేల్చి చెప్పింది. ఆ చర్చ అవసరమే. కానీ ‘తేక’ గురించి ఇంత ఆలోచించిన మనం ‘మమ్మును’ గురించి అందులో సగమైనా ఆలోచించామా?

మన ప్రసంగాల్లో శోధన అంటే ఒక మనిషికి, ఎవరూ చూడనప్పుడు వచ్చేది. ఫోన్, చూపు, తాగుడు, డబ్బు. యువతకు చెప్పేదంతా దాదాపు ఇదే. అవి నిజమైన శోధనలే. వాటితో పోరాడి రాత్రుళ్లు ఏడ్చేవాళ్ల బాధ చిన్నదేమీ కాదు. అయితే అరణ్యంలో యేసుకు ఎదురైనవి ఈ కోవలోనివి కావు.

నలభై రోజుల ఉపవాసం తర్వాత రాళ్లను రొట్టెలు చేసుకోమన్నాడు శోధకుడు. ఆకలి పాపం కాదు, రొట్టె పాపం కాదు. తర్వాత ఆయనే వేలమందికి రొట్టెలు పంచాడు. తనకున్న శక్తిని తన కోసం వాడుకోమనడమే అక్కడి ఉచ్చు. తర్వాత దేవాలయ శిఖరం. దూకు, దూతలు నిన్ను చేతుల మీద ఎత్తుకుంటారు అన్నాడు. అందుకు అపవాది ఎత్తి చూపింది 91వ కీర్తన. నాకు ఎప్పుడూ భయం కలిగించేది ఈ సంగతే: అక్కడ వాక్యం చదివి వినిపిస్తున్నది శోధకుడు. చివరగా లోక రాజ్యాలన్నీ చూపించి, ఒక్కసారి సాగిలపడితే ఇవన్నీ నీవే అన్నాడు.

ఇవి పాపంలో మునిగిపోయినవాడికి వచ్చిన శోధనలు కావు. అప్పుడే బాప్తిస్మం పొంది, పరలోకం నుంచి ‘నా ప్రియ కుమారుడు’ అనే మాట విని, సేవ మొదలుపెట్టబోతున్నవాడికి వచ్చినవి. పరిచర్యను వెతుక్కుంటూ వచ్చే శోధనలు ఇవి. సంఘం పెద్దదయ్యేకొద్దీ, పేరు పెరిగేకొద్దీ దాని తలుపు తట్టేవి ఇవే. యేసు మూడింటికీ ద్వితీయోపదేశకాండం మాటలతోనే జవాబిచ్చాడు. ఆ మాటలు ఒక్క మనిషికి చెప్పినవి కావు, అరణ్యం దాటి వచ్చిన ఒక ప్రజ అంతటికీ చెప్పినవి.

గత పాతికేళ్లలో చర్చి ఎక్కడ పడిపోయిందో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 2002లో బోస్టన్‌లో ఒక పత్రిక బయటపెట్టేదాకా, పిల్లల మీద అఘాయిత్యాలు చేసిన కాథలిక్ గురువులను (ఫాదర్లను) ఒక చర్చి నుంచి మరో చర్చికి మారుస్తూ వచ్చారు. ఫ్రాన్స్‌లో 1950 నుంచి గురువులు, మఠవాసుల చేతుల్లో 2,16,000 మంది పిల్లలు బాధితులయ్యారని 2021లో స్వతంత్ర కమిషన్ అంచనా వేసింది. ఇది కాథలిక్కుల సమస్య అనుకున్న ప్రొటెస్టంట్లకు 2022లో జవాబు దొరికింది. అమెరికా సదరన్ బాప్టిస్టుల కేంద్ర కార్యాలయంలో, ఆరోపణలున్న 700 మందికి పైగా పేర్ల జాబితాను ఏళ్ల తరబడి రహస్యంగా ఉంచారని విచారణలో తేలింది. 2024 నవంబరులో ఇలాంటి వ్యవహారంలోనే ఇంగ్లండ్ చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది.

పడిపోయినవాళ్లు వ్యక్తులే. దాచినవాళ్లు మాత్రం సంఘాలు. పరిచర్య ఆగిపోకూడదు, పేరు పాడవకూడదు, ఇంతమంది ఆత్మలు రక్షణ పొందుతున్నప్పుడు ఒక్కరి ఫిర్యాదుతో ఇదంతా ఎందుకు కూలాలి అనుకున్నారు. ఇలా అనుకున్నవాళ్లంతా దుర్మార్గులని నేను అనను. చాలామంది ప్రార్థనాపరులే. అందుకే ఇది శోధన.

ఇక్కడ ప్రార్థన గురించి ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. ప్రపంచమంతా పేరున్న క్రైస్తవ ప్రసంగీకుడు రవి జకరయ్య చనిపోయిన తర్వాత, 2021 ఫిబ్రవరిలో ఆయన సంస్థే వేయించిన విచారణ నివేదిక వచ్చింది. తనను లొంగదీసుకున్నాక, ఈ అవకాశమిచ్చినందుకు దేవునికి కృతజ్ఞతలు చెబుతూ తనతో కలిసి ప్రార్థించమన్నాడని ఒక బాధితురాలు చెప్పిన మాట అందులో ఉంది. అది చదివిన రోజు నాకు ప్రార్థించడానికి నోరు రాలేదు. అంత దూరం వెళ్లకపోయినా, ఫిర్యాదుతో వచ్చిన ఆడపిల్లకు ‘ప్రార్థన చేద్దాం అమ్మా, క్షమించు’ అని చెప్పి ఇంటికి పంపేస్తే అదీ ప్రార్థనతో నోరు నొక్కడమే.

గెత్సేమనేలో ప్రభువు చెప్పింది ‘మెలకువగా ఉండి ప్రార్థన చేయుడి’ అని. మెలకువ మాట ముందుంది. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారికి వెళ్లిన సన్యాసులకు ఇది బాగా తెలుసు. తమలో లేచే ఆలోచనలను ఒక పెద్దాయన ముందు విప్పి చెప్పుకోవడం వాళ్ల పద్ధతి. వాళ్లలో ఎవాగ్రియస్ అనే ఆయన చెడు ఆలోచనలను ఎనిమిదిగా లెక్కపెట్టాడు. మిగతావాటిని గెలిచానని సంతోషిస్తున్న క్షణంలోనే కీర్తికాంక్ష లేస్తుందని గమనించాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక వివాహితతో ప్రేమలో చిక్కుకుని అక్కడి నుంచి పారిపోయి వచ్చిన మనిషి ఆయన. తనను తాను ఎరిగినవాడు.

1948లో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం, ఆయన ముగ్గురు సహచరులు మోడెస్టో అనే ఊళ్లో కూర్చుని, సువార్తికులు ఎక్కడెక్కడ పడిపోతున్నారో రాసుకున్నారు. డబ్బు, లైంగిక పాపం, హాజరు లెక్కలు పెంచి చెప్పడం, స్థానిక సంఘాలను విమర్శించడం. భార్య కాని స్త్రీతో ఒంటరిగా ఉండకూడదన్న వాళ్ల నియమం వల్ల పరిచర్యలో స్త్రీలు పక్కకు పోయారన్న విమర్శ ఉంది, అందులో న్యాయం కూడా ఉంది. నాకు నచ్చింది నియమాల కన్నా ముందు ఆ నలుగురూ కలిసి ‘మనం పడిపోగలం’ అని ఒప్పుకోవడం. కానుకల లెక్క అందరి ముందు చదవడం, పిల్లల తరగతిలో ఇద్దరు పెద్దవాళ్లు ఉండటం, పాస్టర్ గారి మీద ఫిర్యాదును ఆయన కింద లేనివాళ్లు వినడం, నేరమైతే పోలీసులకు చెప్పడం. ఇవన్నీ ‘మమ్మును తప్పించుము’ అనే ప్రార్థనకు కాళ్లూ చేతులూ.

బయటపెడితే సంఘం పరువు పోతుంది, అన్యుల ముందు దేవుని నామానికి అవమానం అంటారు. ఊరియా భార్య బత్షెబతో చేసిన పాపాన్ని దావీదు రాజూ అలాగే దాచాడు. ఊరియాను చంపించమనే ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. రెండో సమూయేలు పదకొండో అధ్యాయం మొత్తంలో దావీదు ప్రార్థించినట్టు ఒక్క మాట లేదు. ప్రవక్త నాతాను వచ్చి ‘ఆ మనుష్యుడవు నీవే’ అనేదాకా కథ బయటకు రాలేదు. తర్వాత ఎన్నో శతాబ్దాలకు మత్తయి ప్రభువు వంశావళి రాస్తూ సొలొమోను దగ్గరికి వచ్చాడు. ఆ తల్లిని బత్షెబ అని రాసి ముందుకు వెళ్లిపోవచ్చు. ఆయన అలా రాయలేదు. ఊరియా భార్య అని రాశాడు. కొత్త నిబంధన మొదటి పేజీలోనే, యేసు క్రీస్తు వంశంలో, చంపబడినవాడి పేరు ఇప్పటికీ ఉంది.