టేబుల్ మీద మీనం, చుట్టూ మేషాలం

టెన్షన్‌ను సృష్టించలేం, నాశనం చేయలేం. ఒకరి నెత్తి మీంచి తీసి ఇంకొకరి నెత్తిన పెట్టగలం, అంతే. ఏ సైన్సు పుస్తకంలోనూ లేని ఈ సూత్రాన్ని మా ఆఫీసులో ప్రయోగం చేసి మరీ నిరూపించారు. ప్రయోగానికి దొరికిన ప్రాణి ఒక ఫైటర్ చేప. ఒళ్లంతా నీలం, తోక ఎరుపు, ఉద్యోగానుభవం సున్నా.

ఉద్యోగులు బాగా టెన్షన్‌లో ఉన్నారని ఎవరో పైవాళ్ల చెవిన వేశారు. పైవాళ్లు తీవ్రంగా ఆలోచించారు. పని తగ్గించడం, ఖాళీలు నింపడం, రాత్రి పదింటికి మెసేజ్‌లు పెట్టడం మానుకోవడం లాంటి విపరీత ధోరణుల జోలికి పోకుండా, మధ్యేమార్గంగా ఒక చేపను తెప్పించారు. నీళ్లలో చేప కదులుతుంటే చూసేవాళ్ల మనసు కుదుటపడుతుందట. పడుతుందేమో. మమ్మల్ని రోజంతా చూస్తూ కూర్చుంటే ఆ చేప మనసు ఏమవుతుందన్న సంగతి మాత్రం ఎజెండాలో లేదు.

వచ్చిన రోజే దానికి రెండు లీటర్లు పట్టే గుండ్రటి గాజు గిన్నె, గుప్పెడు రంగురాళ్లు, ఒక ప్లాస్టిక్ మొక్క మంజూరయ్యాయి. ప్రింటర్ పక్కన సీటు ఇచ్చారు. దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ కనుక్కోలేదు కాబట్టి నేనే కనుక్కున్నాను. అసలు పేరు బెట్టా. (బెట్టు చేయడం అనే మాట దీన్ని చూసే పుట్టి ఉంటుందని నా గట్టి నమ్మకం. భాషావేత్తలు ఒప్పుకోరు, వాళ్ల బెట్టు వాళ్లది.) సొంత దేశం థాయిలాండ్. వరిపొలాల్లో, కాలవల్లో, మొక్కలు కమ్ముకున్న లోతు లేని నీళ్లలో తిరిగే జీవి. అక్కడివాళ్లు ప్లాకట్ అంటారు, కరిచే చేప అని అర్థం. 1910లో చార్లెస్ టేట్ రీగన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీనికి బెట్టా స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. 2019లో థాయిలాండ్ ప్రభుత్వం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

అంటే ఒక దేశం జాతీయ హోదా ఇచ్చిన జీవికి మేం ప్రింటర్ పక్కన చోటిచ్చాం. పేపర్ ఇరుక్కున్నప్పుడల్లా ఎవరో ఒకరు ఆ ప్రింటర్‌ను అరచేత్తో ఒక్కటి చరుస్తారు. గిన్నెలో నీళ్లు వణుకుతాయి. జాతీయ జలచరం ఉలిక్కిపడి ప్లాస్టిక్ మొక్క వెనక్కి పోతుంది. "భలే హుషారుగా ఉందే" అని మేం మురిసిపోతాం.

గిన్నె మరీ చిన్నదేమో కదా అని అడిగితే, "ఫైటర్ కదండీ, గ్లాసులో పెట్టినా బతుకుతుంది" అన్నారు. ఈ మాటకు కొంత ఆధారం లేకపోలేదు. బెట్టాకు మొప్పలతో పాటు తలలో లాబిరింత్ అనే అవయవం ఉంటుంది. దాని సాయంతో అది నీటి పైకి వచ్చి మనలాగే నేరుగా గాలి పీల్చుకుంటుంది. ఆక్సిజన్ తగ్గిపోయిన నీళ్లలో కూడా ప్రాణం నిలబెట్టుకోవడానికి ప్రకృతి ఇచ్చిన వరం అది. ఆ వరమే దాని కొంప ముంచింది. కష్టాన్ని ఓర్చుకోగలవాడు కనబడగానే లోకానికి ముందుగా తట్టేది, అయితే వీడికి ఇంకాస్త ఇవ్వొచ్చు అని. మా సెక్షన్లో ఒకాయన ఓసారి మొహమాటానికి శనివారం వచ్చి పని చేశాడు. ఇప్పుడు ఆదివారాలు కూడా వస్తున్నాడు. మనిషి లిఫ్టులో ఐదు నిమిషాలు నిలబడగలడు కాబట్టి అందులోనే కాపురం పెట్టమనడం ఎలాంటిదో, గాలి పీల్చుకోగలదు కాబట్టి చేపను గ్లాసులో పెట్టమనడం అలాంటిది.

పెంపకం తెలిసినవాళ్లు ఒక్క ఫైటర్‌కు 15 నుంచి 20 లీటర్ల ట్యాంకైనా ఉండాలంటారు. కుర్చీకీ కుర్చీకీ మధ్య మోచెయ్యి పట్టని మా హాల్లో ఈ అంకె చదివి వినిపించాను. కొందరు చేప వంక అసూయగా చూశారు.

తర్వాత చలి గొడవ. బెట్టాకు నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. మా ఏసీ 21 దగ్గర ఉంటుంది. దాని రిమోట్ ఎవరి దగ్గరుందో తెలిసినవాళ్లు రిటైరైపోయారు. శుక్రవారం సాయంత్రం ఏసీ ఆగుతుంది, సోమవారం ఉదయం మళ్లీ మొదలవుతుంది. దాంతో నీళ్లకు వారానికోసారి జ్వరం వచ్చి తగ్గినట్టవుతుంది. చేప ఒంటికి సొంత వేడి ఉండదు. నీళ్లు ఎంత చల్లగా ఉంటే అదీ అంతే. చల్లబడ్డకొద్దీ అరుగుదల మందగిస్తుంది, తిండి సయించదు, అడుగున రాళ్ల మీద ఒరిగి పడుకుంటుంది. మా చేప కూడా రెండో వారానికే ఒరిగింది. "ఈ మధ్య చురుకుదనం తగ్గింది, మొదటి రోజుల్లో ఉన్న ఉత్సాహం లేదు" అని మేనేజర్‌గారు వ్యాఖ్యానించారు. నాకు గుండె ఝల్లుమంది. అక్షరం పొల్లుపోకుండా ఇదే వాక్యం నా వార్షిక నివేదికలో ఉంది.

ఒక చిన్న హీటర్ కొనాలని నోట్ పెట్టాను. అందులోనే మూత ఉన్న ట్యాంకు, నెమ్మదిగా నడిచే ఫిల్టర్, రాత్రి లైటు ఆర్పడం, చూసుకోవడానికి ఒకే ఒక్క మనిషి అని కూడా రాశాను. ఒక్క స్లైడ్‌లో చెప్పమన్నారు. చెప్పాను. అప్పుడు కమిటీ వేశారు. చలిగా ఉందని ఉద్యోగులు కూడా చాలాకాలంగా అంటున్నారనీ, చేపకు హీటర్ ఇస్తే రేపు అందరూ అడుగుతారనీ, ఇది చెడ్డ ఆనవాయితీ అవుతుందనీ హెచ్ఆర్ మేడమ్ అభ్యంతరం చెప్పారు. ఉద్యోగులకైతే స్వెటర్ తెచ్చుకోమని చెప్పే వీలుంది, చేప విషయంలో ఆ వీలు లేదు. అక్కడే పీటముడి పడింది. కమిటీ మీనమేషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మీనం గిన్నెలో ఉంది. మేషాలకు కొదవేముంది, హాలు నిండా మేమే.

తిండి విషయంలో మాత్రం మావాళ్లు ఎక్కడా లోటు చేయలేదు. నిజానికి అదే చేటైంది. ఎదిగిన ఫైటర్‌కు పూటకు రెండు మూడు మేత గింజలు చాలు. కానీ ఇది తెలివైన చేప. మేత పెట్టేవాళ్లను గుర్తుపట్టి గాజు దగ్గరకు వచ్చి, ఒళ్లంతా ఊపుతూ మూడు రోజులుగా పస్తులున్నట్టు చూస్తుంది. ఎంత తిన్నా అదే చూపు. దాంతో వచ్చిన ప్రతివాడూ నాలుగు గింజలు వేసి, ఇవాళ్టి పుణ్యం అయిపోయిందనుకుని సీట్లోకి పోయేవాడు. నేనూ వేశాను, అబద్ధం ఎందుకు. అదుపు చేయడానికి మేత రిజిస్టర్ పెట్టారు. ఒక రోజు ఆ పేజీలో "మేత పెట్టాను" అన్న గడిలో పదకొండు సంతకాలున్నాయి. పక్కనే "నీళ్లు మార్చాను" అన్న గడి మొదటి పేజీ నుంచీ తెల్లగా మెరుస్తోంది. రెండు రోజులు తిండి లేకపోయినా ఆరోగ్యంగా ఉన్న చేపకు ఏమీ కాదని చెప్పినా వినకుండా, అకౌంట్స్ ఆయన శుక్రవారం సాయంత్రం శని, ఆదివారాల మేతను అడ్వాన్సు కింద ఒకేసారి వేసి వెళ్లాడు. సోమవారానికి నీళ్లు కుళ్లి, చేప కడుపు ఉబ్బి ఉంది. లెక్కల్లో మాత్రం తేడా రాలేదు.

చాప కింద నీరు అంటే అందరికీ తెలుసు. చేప చుట్టూ నీరు సంగతే ఎవరికీ తెలియదు. చేప విసర్జించేది, తినకుండా వదిలేసిన మేత, రెండూ కలిసి అమోనియా అవుతాయి. చేపకు అది విషం. ట్యాంకులో రాళ్లకు, ఫిల్టర్‌కు అంటిపెట్టుకుని కంటికి కనిపించని బ్యాక్టీరియా ఉంటుంది. అమోనియాను ముందు నైట్రైట్‌గా మారుస్తుంది, అది కూడా విషమే. మరో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది, దాంతో హాని చాలా తక్కువ. ఈ వ్యవస్థ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత వారానికోసారి నాలుగోవంతు నీళ్లు మార్చి, పోసే కుళాయి నీళ్లలో క్లోరిన్ విరిగే మందు వేస్తే చాలు. ఎవరికీ పేరు రాదు, ఫొటో పడదు, పని మాత్రం జరిగిపోతుంది.

ఇంతలో ఆడిట్ వచ్చింది. పేరు రాని పని చేసేవాళ్లు ఆడిట్‌లో ఏమవుతారో తెలిసిందే. గిన్నె పాచిపట్టి కనబడితే బాగుండదని మా డిప్యూటీ మేనేజర్‌గారు స్వయంగా చొక్కా చేతులు మడిచి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లను సబ్బు పెట్టి తోమి, కుళాయి నీళ్లు నిండా పోశారు. గిన్నె ధగధగలాడింది. పాత స్టాఫ్ మొత్తాన్ని ఒక్క పూటలో ఇంటికి పంపేసి, ఫ్లోర్ ఎంత శుభ్రంగా ఉందో చూడండి అన్నట్టుంది. ఆ రోజు చేప నీటి పైకి వచ్చి గుటకలు వేస్తూనే ఉంది. ఆడిటర్లు మెచ్చుకున్నారు.

ఆ శుభ్రత కార్యక్రమంలో ఇంకో ఘోరం కూడా జరిగింది. అంతకు రెండు రోజుల ముందు నీటి పైన ఒక మూల తెల్లగా నురగ కట్టింది. మగ బెట్టా ఉమ్మితో బుడగలు కట్టి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టాక వాటిని నోటితో ఏరి ఆ బుడగల్లో అమర్చి, పిల్లలు ఈదడం నేర్చేదాకా కాపలా కాస్తుంది. తల్లికి ఆ దరిదాపుల్లోకి ప్రవేశం లేదు. గూడు కట్టినంత మాత్రాన చేప సుఖంగా ఉందని కాదు. కొన్ని ఏ ఆశా లేకున్నా కడతాయి, మనం ఇంటి లోన్ తీసుకున్నట్టు. ఏదైతేనేం, పితృత్వ సెలవు కోసం దరఖాస్తు పెట్టుకున్న ఏకైక ఉద్యోగి కాగితాన్ని టిష్యూతో తుడిచి చెత్తబుట్టలో వేశారు.

అద్దం సంగతి చెప్పకపోతే అన్యాయం. మగ బెట్టాకు ఇంకో మగ బెట్టా కనబడకూడదు. కనబడితే మొప్పల రేకులు విప్పి, రెక్కలు పరిచి, ఉన్నదానికి రెట్టింపు కనబడుతుంది. పొలంలో అయితే ఓడినది పారిపోతుంది. గిన్నెలో పారిపోవడానికి చోటుండదు కాబట్టి చిరిగిన రెక్కలతోనో, చావుతోనో ముగుస్తుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మాట కత్తుల కన్నా దీనికే బాగా నప్పుతుంది. అద్దంలో తన బొమ్మ కనబడినా శత్రువే అనుకుంటుంది. మధ్యాహ్నం నిద్ర రాకుండా మావాళ్లు ఫోన్ కెమెరా తిప్పి దానికి చూపించి సరదా పడేవారు. అదే హాల్లో నెలకోసారి సెక్షన్ హెడ్ల సమావేశం జరుగుతుంది. అక్కడా మొప్పలు విప్పుకుంటాయి. కాకపోతే వాళ్లకు అద్దం కూడా అక్కర్లేదు.

ఈ మొత్తం వ్యవహారంలో చేపకు నిజంగా కావలసింది గమనించినవాడు నైట్ సెక్యూరిటీ అతను. ఒక రాత్రి ఆలస్యంగా బయల్దేరుతుంటే ఆపి, "సార్, దీనికి కనురెప్పలు లేవు కదా, ఇన్ని లైట్లలో ఎలా పడుకుంటుంది?" అని అడిగాడు. లైట్లు ఆర్పే అధికారం అతనికి లేదు, నాకూ లేదు. స్విచ్ గదికి తాళం ఉంటుంది, తాళానికి రిజిస్టర్ ఉంటుంది. నేను నీళ్లు నమిలాను. అతను మాత్రం తన తువ్వాలు తీసి, పైన గాలి ఆడేలా వదిలి, గిన్నె చుట్టూ చుట్టాడు. అప్పట్నుంచి రోజూ చుడుతున్నాడని తర్వాత తెలిసింది.

ఆడిట్ అయిన మర్నాడు రాత్రి అతను చేపను ఇంటికి తీసుకుపోయాడు. వాళ్లబ్బాయి దగ్గర మొక్కలు వేసిన పాత ట్యాంకు ఒకటి ఖాళీగా నడుస్తోందట. నోటీస్ పీరియడ్ లేదు, వీడ్కోలు సభ లేదు, శాలువా లేదు. గిన్నె ఖాళీ అయిందని ఆఫీసు గమనించడానికి నాలుగు పని దినాలు పట్టింది. ఆ నాలుగు రోజులూ రిజిస్టర్‌లో "మేత పెట్టాను" అని సంతకాలు పడుతూనే ఉన్నాయి. ఒకరు "బాగా తిన్నది" అని కూడా రాశారు. రాసిందెవరో నాకు తెలుసు, చెప్పను. అది నా చేతిరాతలా ఉందని అనేవాళ్లు అనుకోవచ్చు.

పోయిన వారం హీటర్ వచ్చింది. మూడు స్థాయుల్లో ఆమోదం పొంది, ఆస్తుల జాబితాకెక్కి, నంబరు అంటించుకుని వచ్చింది. వాడని వస్తువు కనబడితే వచ్చే ఆడిట్‌లో అభ్యంతరం రాస్తారు. అందుకని కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. హీటర్ ఉంది కాబట్టి చేప ఉండి తీరాలని తేల్చింది. పాతది ఒంటరితనం వల్లే డీలా పడిందన్న అభిప్రాయం కూడా మినిట్స్‌లో నమోదైంది. అందుకే ఈసారి రెండు తెప్పిస్తున్నారు. చూడటానికి బాగుంటాయని రెండూ మగవే, అదే గిన్నెలో. టీమ్‌వర్క్ పెరుగుతుందట.