దేవమాలి దారిలో తప్పంతా నడిచేవారిదేనా?

చలికాలం రాగానే విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి ఒడిశాలోని దేవమాలి కొండకు బళ్ళు బారులు తీరుతాయి. దాంతోపాటే కోరాపుట్ జిల్లా తెలుగువారి ఫోన్లలో ఒక సందేశమూ తిరుగుతుంది. కొండదారి ఊళ్ళలో ప్రమాదాలకు కారణం రోడ్డెక్కి నడిచే జనమేననీ, రోడ్డు వెడల్పు చేసి స్పీడ్ బ్రేకర్లు తీసేస్తే సరిపోతుందనీ, ఫుట్‌పాత్‌లు దండగనీ, బళ్ళను కిందే ఆపితే పర్యాటకం దెబ్బతింటుందనీ దాని సారాంశం.

తప్పు నడిచేవారిదే అనేవారు, వారు మరెక్కడ నడవాలో కూడా చెప్పాలి. ఒక పక్క తొలిచిన కొండ, మరో పక్క కాలువ ఉన్నచోట, సంతకు బుట్ట నెత్తిన పెట్టుకొని బయలుదేరిన మనిషికి తారు రోడ్డు తప్ప దారి లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే. ఇంతమందీ అజాగ్రత్తపరులే అనుకోవడం కష్టం. సిగ్నల్ లేని జీబ్రా క్రాసింగ్ దగ్గర వేగం తగ్గించి, ఆగి, నడిచేవారికి దారి ఇవ్వవలసిన బాధ్యతను 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు వాహనదారుడి మీదే పెట్టాయి.

వెడల్పు సంగతి అసలైనది. రోడ్డు విశాలమైన కొద్దీ డ్రైవరుకు ధైర్యం పెరుగుతుంది, ధైర్యంతోపాటు వేగమూ పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, మనిషిని చూసి బ్రేకు మీద కాలు వేసే ఒక్క సెకనులోనే దాదాపు 17 మీటర్లు ముందుకు వస్తుంది. 30లో ఉంటే 8 మీటర్లకు కాస్త పైన. 30తో పోలిస్తే 60లో తాకిడి శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. పైగా కొండ దిగేటప్పుడు బండిని పల్లం ముందుకు లాగుతుంది, గేరు తగ్గించకుండా బ్రేకు మీదే ఆధారపడితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది, చాలాసేపు వేగంగా వచ్చిన కంటికి ఊళ్ళోకి అడుగుపెట్టాక 50 కూడా నెమ్మదిగానే కనిపిస్తుంది. అందుకే ఘాట్ ముగిసేచోట రోడ్డును వెడల్పు చేయడం కన్నా ఊరి మొదట్లోనే వేగాన్ని కోయడం అవసరం.

అయితే స్పీడ్ బ్రేకర్ల మీద ఫిర్యాదులో కొంత న్యాయం ఉంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి, రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించిన హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. రంగు, బోర్డు లేకుండా రాత్రికి రాత్రి సిమెంటుతో పోసే దిబ్బలు పొగమంచులో మోటారు సైకిళ్ళకు ఉచ్చులే. వాటిని కొలత ప్రకారం సరిచేయాలి గాని, ఎత్తివేయమనడం మాత్రం ముల్లు గుచ్చుకుందని కాలు తీసేయమన్నట్టే.

ఫుట్‌పాత్ ఎవరూ వాడరనే మాటకు జవాబు చిన్నదే: దాని మీద బళ్ళు నిలిపి, దుకాణాల సరుకు పేర్చి ఉంచితే ఎవరు వాడతారు? నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ వదలాలన్నది అదే రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం.

ఇక పర్యాటకం. మహారాష్ట్రలోని మాథేరాన్‌లో సందర్శకుల కార్లు దస్తూరి నాకా దగ్గరే ఆగాలి. అక్కడి నుంచి జనం నడిచో, గుర్రమెక్కో వెళతారు, అయినా ఆ ఊరికి సందర్శకుల కొరత లేదు. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌కు వెళ్ళేవారు కార్లను టాష్‌లో వదిలి రైలెక్కుతారు. దేవమాలి చిన్నది, ఇక్కడ రైలు లేదు. కాని శని, ఆదివారాల్లో కింద పార్కింగు, పైకి చిన్న బస్సులు పెట్టడానికి రైలుతో పనేముంది? దిగినచోట నాలుగడుగులు నడిచేవారే దారి పక్క అల్లం, కాఫీపొడి అమ్మే ఆడవాళ్ళ దగ్గర ఆగుతారు; గంటకు 60లో దూసుకుపోయే కారు ఆగదు.